చంకల్లో, గజ్జల్లో తిరగబెట్టే గడ్డలు: మందు ఎప్పుడు, ఇంజెక్షన్ ఎప్పుడు, కోత ఎప్పుడు

చంకలో గడ్డ లేస్తుంది. వారం రోజులు చెయ్యి దించనివ్వదు. తర్వాత చితికి, చీము కారి, మానుతుంది. రెండు నెలలకు దాని పక్కనే ఇంకోటి, ఆపైన గజ్జల్లో మరోటి. ప్రతిసారీ అయిదు రోజుల యాంటీబయాటిక్, లేదంటే చిన్న కోత. ఏళ్ల తరబడి ఇలా నడిచే గడ్డల్ని మామూలు సెగగడ్డల ఖాతాలో వేయకూడదు. ఈ జబ్బు పేరు హైడ్రాడెనైటిస్ సప్పురేటివా. చర్మ వైద్యులు పొట్టిగా ఎచ్‌ఎస్ అంటారు. జనాభాలో ఒక శాతానికి, చాలా లెక్కల్లో అంతకన్నా తక్కువ మందికే వస్తుంది. అందుకేనేమో, మొదటి గడ్డ లేచాక జబ్బు పేరు తేలడానికి సగటున 7 నుంచి 10 ఏళ్లు పడుతోంది.

దీనికి వైద్యాలు తక్కువేం కాదు. పూతలు, మాత్రలు, జీవకణాల నుంచి తయారుచేసే బయోలాజిక్ ఇంజెక్షన్లు, లేజర్, నాలుగైదు రకాల కోతలు ఉన్నాయి. వీటిలో ఏది ఎంచుకోవాలన్నది ఎక్కువగా ఒక్క సంగతి మీద తేలుతుంది: చర్మం కింద ఉన్నది వాపా, లేక గడ్డల నుంచి లోలోపల పాకిన సన్నటి దారి, అంటే సొరంగమా? వాపు మందుకు లొంగుతుంది. ఒకసారి తయారైన సొరంగం మందుకు ఎండినట్టు కనిపించినా అక్కడే ఉంటుంది. సొరంగం ఉన్నచోట ఏడాది పాటు మాత్రలు మింగించడం, వాపు మాత్రమే ఉన్నచోట తొందరపడి కోయడం, రెండూ తరచూ జరిగే పొరపాట్లే.

ఇది ఎచ్‌ఎస్ అని ఎలా తెలుస్తుంది

దీన్ని పట్టే రక్తపరీక్ష ఏదీ లేదు. చర్మం ముక్క తీసి చూడటం మామూలుగా అవసరం పడదు. వైద్యులు మూడు విషయాలు చూస్తారు. మొదటిది గడ్డ తీరు: లోతుగా, నొప్పిగా ఉండే గట్టి ముద్ద, చీము గడ్డ, సొరంగం, లేదా తాడులా ముడుచుకున్న మచ్చ. రెండోది చోటు: చంకలు, గజ్జలు, తొడల లోపలివైపు, పిరుదులు, మలద్వారం చుట్టుపక్కల, రొమ్ముల కింద మడత. మూడోది తిరగబెట్టడం: ఆరు నెలల్లో కనీసం రెండుసార్లు. ఈ మూడూ కలిస్తే ఎచ్‌ఎస్ అనుకోవచ్చు.

వెలుతురులో చంకను సాగదీసి చూస్తే ఇంకో ఆనవాలు దొరుకుతుంది. పక్కపక్కనే రెండు నల్లటి మూతులు, వాటి మధ్య సన్నటి చర్మపు వంతెన. జంట బ్లాక్‌హెడ్ అంటారు దీన్ని. మొటిమల బ్లాక్‌హెడ్‌కు ఒకే మూతి ఉంటుంది. ఈ జంటమూతులు కనిపించాయంటే లోపల మచ్చ కట్టడం మొదలైనట్టే.

పేరులో ఉన్నది చెమట గ్రంథి. 1839లో వెల్పో అనే ఫ్రెంచి వైద్యుడు ఈ గడ్డల్ని వర్ణించాడు. 1854లో వెర్నోయ్ వీటిని చెమట గ్రంథులకు ముడిపెట్టాడు, ఆ పేరే స్థిరపడిపోయింది. అసలు గొడవ మొదలయ్యేది వెంట్రుక కుదుట్లో. కుదురు మూతి మూసుకుపోతుంది, లోపల పొట్టు పేరుకుని ఉబ్బుతుంది, చివరికి చర్మం అడుగున పగులుతుంది. బయటికి రావాల్సిన కెరటిన్ (చర్మపు పొట్టులో ఉండే పదార్థం) లోపలికి చిందితే ఒంటి రోగనిరోధక వ్యవస్థ దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టు భావించి ఎగబడుతుంది. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 17 లాంటి, వాపును రేపే రసాయనాలు అప్పుడే పెరుగుతాయి. చీములో సూక్ష్మజీవులు దొరికినా అవి ఈ కథలో ముఖ్య పాత్రలు కావు. అందుకే చీములోని క్రిముల్ని పెంచి చూసే కల్చర్ పరీక్షలో తరచూ ఏమీ పెరగదు, లేదా నాలుగైదు రకాలు కలగాపులగంగా పెరుగుతాయి. ఇది మురికి వల్ల రాదు, ఒకరినుంచి ఒకరికి అంటదు. మూడింట ఒక వంతు మందికి ఇంట్లో ఇంకెవరికో కూడా ఉంటుంది.

కొన్ని జబ్బులు దీనిలా కనిపించి తప్పుదారి పట్టిస్తాయి. మధ్యలో ఒకే నల్లటి చుక్కతో, ఎప్పుడూ అదే చోట ఉబ్బే గడ్డ ఎపిడెర్మల్ సిస్ట్ కావచ్చు. మెడ దగ్గరో చంకలోనో బిళ్లలు కట్టి, నొప్పి పెద్దగా లేకుండా పగిలి కారితే క్షయ పరీక్ష చేయించాలి. గడ్డలు కేవలం మలద్వారం దగ్గరే ఉంటే, ముఖ్యంగా విరేచనాలు, రక్తం పడటం ఉంటే, క్రోన్స్ అనే పేగు వాపు జబ్బు ఉందేమో చూడాలి. ఎచ్‌ఎస్, క్రోన్స్ ఒకే మనిషిలో ఉండే సందర్భాలూ ఉన్నాయి. ఇంజెక్షన్ ఎంచుకునేటప్పుడు ఈ సంగతి ముందుకొస్తుంది.

ఏ దశలో ఉంది

1989లో హర్లీ ఇచ్చిన మూడు దశల కొలతే ఇప్పటికీ వాడుకలో ఉంది. ఒకటో దశలో గడ్డలుంటాయి, సొరంగాలూ మచ్చలూ ఉండవు. రెండో దశలో గడ్డలు తిరగబెడుతూ అక్కడక్కడ సొరంగాలు, మచ్చలు ఉంటాయి, వాటి మధ్య మంచి చర్మం మిగిలి ఉంటుంది. మూడో దశలో ఆ ప్రాంతమంతా సొరంగాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. దశ చోటును బట్టి మారుతుంది. కుడి చంక రెండో దశలో, ఎడమ గజ్జ ఒకటో దశలో ఉండొచ్చు. వైద్యం కూడా చోటు చోటుకీ వేరుగానే ఆలోచించాలి.

సొరంగం ఉందో లేదో ఇంట్లోనే కొంత పసిగట్టొచ్చు. గడ్డ పూర్తిగా మానకుండా వారాల తరబడి అదే రంధ్రం నుంచి పల్చటి రసి కారుతుంటే, ఒకచోట మెల్లగా నొక్కితే రెండు మూడు సెంటీమీటర్ల అవతల చీము ఊరితే, వేలికి చర్మం కింద తాడులాంటి గట్టి గీత తగిలితే, అది సొరంగమే. ఆసుపత్రిలో అల్ట్రాసౌండ్‌తో చూస్తే పైకి కనిపించని సొరంగాలు కూడా బయటపడతాయి. శస్త్రచికిత్సకు ముందు ఈ పరీక్ష అడిగి చేయించుకోండి.

గడ్డ ఉబ్బి నొప్పి పుడుతున్న రోజున

అత్యవసర విభాగంలో ఎక్కువగా దొరికేది కోసి చీము తీయడం. ఎచ్‌ఎస్‌లో అతి తక్కువ ఉపయోగం ఉన్నదీ అదే. చీము పోగానే నొప్పి తగ్గుతుంది, నిజమే. కానీ పగిలిన కుదురు, దాని గోడ లోపలే ఉండిపోతాయి కాబట్టి దాదాపు ప్రతిసారీ అదే చోట తిరగబెడుతుంది. పైగా ప్రతి కోతా ఒక మచ్చ. గడ్డ నీటి బుడగలా మెత్తబడి, చర్మం బిగుసుకుపోయి, నొప్పి భరించలేని స్థితిలో ఉన్నప్పుడు మాత్రమే దీనికి ఒప్పుకోవచ్చు. ఇంకా రాయిలా గట్టిగా ఉన్న ముద్దను కోస్తే చీము రాదు, నొప్పి తప్ప మిగిలేది ఉండదు. కోసినా లోపల బిగించి గాజుగుడ్డ కుక్కాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. అది తీసేటప్పుడు పడే బాధకు తగ్గ లాభం లేదు.

మెత్తబడని కొత్త ముద్దకు ఇంకో దారి ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్. నేరుగా ముద్దలోకే, సాధారణంగా మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల గాఢతతో, 0.2 నుంచి 1 మిల్లీలీటరు దాకా వేస్తారు. పెద్ద ముద్దలకు 40 మిల్లీగ్రాముల గాఢత కూడా వాడతారు. ఒకటి రెండు రోజుల్లో వాపు, నొప్పి దిగినట్టు చాలామంది వైద్యులు చూస్తున్నారు. అయితే ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో, పోల్చిన ఒక చిన్న పరీక్షలో గట్టి తేడా తేలలేదని కూడా తెలుసుకోవాలి. మా దృష్టిలో పెళ్లో పరీక్షో ప్రయాణమో ముందున్న మనిషికి, ఒకటి రెండు ముద్దలకు ఇది సబబైన ఎంపిక. పది ముద్దలకు, కారుతున్న సొరంగానికి కాదు. మధుమేహం ఉంటే రెండు మూడు రోజులు చక్కెర పెరుగుతుంది. ఎక్కువసార్లు వేస్తే అక్కడి చర్మం పల్చబడి తెల్లబారుతుంది.

ఇంట్లో గోరువెచ్చటి నీళ్లలో తడిపిన గుడ్డను పది నిమిషాలు పెట్టుకోవడం, పారాసెటమాల్, పడేవాళ్లకు ఇబుప్రోఫెన్. పిండటం మాత్రం వద్దు. బయటికి వచ్చే చీముకంటే లోపలికి చిందేదే ఎక్కువ, సొరంగం తవ్వుకునేది అలాగే.

జ్వరం, చలి, గడ్డ చుట్టూ ఎరుపు గంటగంటకూ పాకడం ఉంటే అది ఎచ్‌ఎస్ ఉబ్బు మాత్రమే కాదు, ఇన్ఫెక్షన్ తోడైంది. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పూతలు, కడిగే మందులు

ఒకటో దశకు ఇవి మొదటి మెట్టు. క్లిండామైసిన్ 1 శాతం లోషన్ రోజుకు రెండుసార్లు, 12 వారాలు. పైపైన ఉండే చిన్న చీము పొక్కులు తగ్గుతాయి, లోతైన ముద్దలకు దీనివల్ల ఒరిగేది తక్కువ. ఒక్కదాన్నే నెలల తరబడి రాస్తే చర్మం మీది స్టాఫ్ బ్యాక్టీరియా మందుకు మొండికేస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ కడిగే మందును జత చేయడం అందుకే. దాన్ని పట్టించి రెండు మూడు నిమిషాలు ఉంచి బాగా కడిగేయాలి. సరిగా కడగకపోతే రంగు తువ్వాళ్లు, చొక్కాల చంకలు తెల్లగా వెలిసిపోతాయి. తెల్ల తువ్వాలు ఒకటి దీనికే కేటాయించుకుంటే సరి.

బదులుగా 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ వాడొచ్చు. కళ్లకు, చెవిలోకి, జననాంగాల లోపలి సున్నితమైన పొరకు తగలనివ్వకూడదు. ఏదైనా ఒకటి చాలు, రెండూ కలిపి రుద్దితే చర్మం మండి పగులుతుంది. ఆ మంటను జబ్బు ముదిరిందనుకుని ఇంకా గట్టిగా రుద్దేవాళ్లున్నారు. పీచు, స్క్రబ్బర్ చంకల దరిదాపులకు రాకూడదు, అరచేత్తో పట్టించి కడుక్కోవడమే.

రిసార్సినాల్ 15 శాతం క్రీమ్ క్లిండామైసిన్‌కు దీటైన ఎంపిక. ఇది యాంటీబయాటిక్ కాదు కాబట్టి బ్యాక్టీరియా మొండికేస్తుందన్న భయం లేదు, కుదురు మూతిలో బిరడాలా ఉన్న పొట్టును కరిగిస్తుంది. మామూలు రోజుల్లో ఒకసారి, గడ్డ లేస్తున్నప్పుడు రెండుసార్లు. చర్మం పొట్టు రాలడం, కొంచెం గోధుమరంగు పట్టడం మామూలే. చాలాచోట్ల ఫార్మసీలో ప్రత్యేకంగా కలిపించుకోవాలి. దొరికే వీలుంటే, పొక్కుల కంటే ముద్దలు ఎక్కువగా వచ్చేవాళ్లకు మేం దీన్నే ముందు పెడతాం.

మాత్రలు

గడ్డలు నెలనెలా వస్తున్నా, రెండు మూడు చోట్ల ఉన్నా పూతతో ఆగదు. ఇక్కడ మొదటి ఎంపిక డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి లేదా రెండు, 12 వారాలు. ఇంత కాలం ఎందుకంటే ఇక్కడ దాని పని క్రిముల్ని చంపడం కంటే వాపును అణచడం. అయిదు రోజుల కోర్సులు ఈ జబ్బులో ఎందుకు నిలవవో దీన్నిబట్టే అర్థమవుతుంది. గ్లాసు నిండా నీళ్లతో మింగి అరగంట దాకా పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండు పడుతుంది. పాలు, ఐరన్, కాల్షియం మాత్రలకు రెండు గంటల ఎడం ఉండాలి. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది. గర్భిణులకు పనికిరాదు.

రెండో దశ రోగులకు చాలాకాలంగా వాడుకలో ఉన్నది క్లిండామైసిన్ 300, రిఫాంపిసిన్ 300 మిల్లీగ్రాముల జంట, రెండూ రోజుకు రెండుసార్లు, 10 నుంచి 12 వారాలు. ఇది డాక్సీసైక్లిన్ కంటే బలమైనదన్న నమ్మకం గట్టిగా పాతుకుపోయింది. 2021లో వెలువడిన యూరప్ అధ్యయనం 283 మందిని గమనించి ఆ నమ్మకాన్ని కదిలించింది. టెట్రాసైక్లిన్ల (డాక్సీసైక్లిన్ ఈ కుటుంబంలోదే) జట్టులో సుమారు 40 శాతం, జంట మందుల జట్టులో సుమారు 48 శాతం మందికి ఆశించిన మెరుగుదల వచ్చింది. ఆ తేడా గణాంకాల లెక్కలో నిలబడలేదు. పైగా రిఫాంపిసిన్ కాలేయంలో క్లిండామైసిన్‌ను త్వరగా కరిగించేస్తుంది, రక్తంలో దాని మోతాదు బాగా పడిపోతుంది.

జంట మందులకు ఇంకా చిక్కులున్నాయి. రిఫాంపిసిన్ వల్ల మూత్రం, కన్నీళ్లు నారింజ రంగుకు తిరుగుతాయి, మెత్తని కాంటాక్ట్ లెన్సులకు మరక పడుతుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం పల్చబరిచే వార్ఫరిన్, ఇంకా ఎన్నో మందుల బలం తగ్గిపోతుంది. ఒంట్లో క్షయ దాగి ఉంటే, ఒంటరిగా పడిన రిఫాంపిసిన్‌కు అది మొండికేస్తుంది. కాబట్టి మొదలుపెట్టే ముందే క్షయ లేదని తేల్చుకోవాలి. క్లిండామైసిన్ వాడేటప్పుడు నీళ్ల విరేచనాలు మొదలైతే మందు ఆపి వైద్యుణ్ని కలవాలి, విరేచనాలు కట్టే మాత్ర సొంతంగా వేసుకోకూడదు. ఇవన్నీ చూస్తే డాక్సీసైక్లిన్ పూర్తి 12 వారాలు వాడకుండా నేరుగా జంట మందులకు దూకడంలో మాకు లాభం కనిపించదు.

యాంటీబయాటిక్ కాని మాత్రలు మనిషిని బట్టి. నెలసరి ముందు గడ్డలు ఎగిసే ఆడవాళ్లకు స్పైరోనోలాక్టోన్, రోజుకు 50 నుంచి 100 మిల్లీగ్రాములు. గర్భం దాల్చే ఆలోచన ఉంటే వద్దు, మూత్రపిండాల జబ్బుంటే పొటాషియం చూసుకోవాలి. మధుమేహం, పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య), నడుం చుట్టూ బరువు ఉన్నవాళ్లకు మెట్‌ఫార్మిన్ 500తో మొదలుపెట్టి మెల్లగా 1500 దాకా. వీళ్లకు రెండు పనులూ ఒకే మందుతో అవుతాయి. జింక్ గ్లూకోనేట్ రోజుకు 90 మిల్లీగ్రాములు తేలికపాటి జబ్బుకు తోడుగా ఉపయోగపడుతుంది. పరగడుపున వేస్తే వికారం. నెలల తరబడి వాడితే రక్తంలో రాగి తగ్గొచ్చు కాబట్టి పరీక్ష చేయించాలి.

మొటిమలకు వాడే ఐసోట్రెటినాయిన్ ఎచ్‌ఎస్‌లో చాలామందికి పనిచేయదు. రెండూ మూసుకున్న కుదుళ్ల జబ్బులే అన్న తర్కంతో దాన్ని రాస్తుంటారు. ముఖం నిండా తీవ్రమైన మొటిమలు కూడా ఉంటే తప్ప ఆ దారి పట్టకపోవడం మంచిది. అసిట్రెటిన్ కొంత నయం, కానీ ఆపిన మూడేళ్ల దాకా గర్భం దాల్చకూడదు.

బయోలాజిక్ ఇంజెక్షన్లు

మూడు నెలల మాత్రలకు లొంగని రెండు, మూడు దశలవాళ్లు ఈ మెట్టు ఎక్కాలి. ఇప్పుడు అనుమతి ఉన్నవి ముఖ్యంగా మూడు: టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే అడాలిముమాబ్‌కు 2015లో, ఇంటర్‌ల్యూకిన్ 17ను అడ్డుకునే సెకుకినుమాబ్‌కు 2023లో, బిమెకిజుమాబ్‌కు 2024లో అమెరికా, యూరప్ ఔషధ సంస్థల అనుమతి వచ్చింది.

అంకెలు చదివే ముందు కొలమానం తెలియాలి. ఈ పరీక్షల్లో మెరుగుదల అంటే ముద్దలు, చీము గడ్డల మొత్తం కనీసం సగానికి తగ్గడం, కారే సొరంగాలూ చీము గడ్డలూ పెరగకపోవడం. నయం కావడం కాదు. 2016లో ప్రచురితమైన రెండు పరీక్షల్లో 12 వారాలకు అడాలిముమాబ్‌తో 41.8, 58.9 శాతం మందికి ఆ మెరుగుదల వచ్చింది. ప్లాసిబో జట్లలో 26.0, 27.6. సెకుకినుమాబ్ పరీక్షల్లో 16 వారాలకు సుమారు 42 నుంచి 46 శాతం, ప్లాసిబోకు 31 నుంచి 34. బిమెకిజుమాబ్‌కు సుమారు 48, 52 శాతం, ప్లాసిబోకు 29, 32. ఈ మూడింటినీ ఒక వరసలో పెట్టి పెద్ద అంకె ఉన్నదే గొప్పదనడం కుదరదు. రోగులు వేరు, వారాలు వేరు, మధ్యలో యాంటీబయాటిక్ వాడినవాళ్లను లెక్కించిన తీరు వేరు.

అందుకే ఎంపిక అంకెల కంటే ఒంట్లో ఉన్న ఇతర జబ్బుల మీద ఆధారపడాలి. క్రోన్స్ ఉన్నవాళ్లకు, ఉందన్న అనుమానం ఉన్నవాళ్లకు అడాలిముమాబ్ వైపు మొగ్గాలి. ఇంటర్‌ల్యూకిన్ 17ను ఆపితే పేగు జబ్బు ఎగిసే ప్రమాదం ఉంది. గుండె వైఫల్యం, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉంటే దీనికి తలకిందులు: టీఎన్‌ఎఫ్ మందులు వద్దు, ఇంటర్‌ల్యూకిన్ 17 మందులు నయం. నోట్లో, మడతల్లో ఫంగస్ తరచూ పట్టేవాళ్లకు బిమెకిజుమాబ్‌తో ఆ బెడద పెరుగుతుంది. గతంలో తీవ్రమైన కుంగుబాటు ఉంటే బిమెకిజుమాబ్ మొదలుపెట్టే ముందే వైద్యుడికి చెప్పాలి. ఏది మొదలుపెట్టినా ముందు క్షయ, హెపటైటిస్ బి పరీక్షలు తప్పనిసరి, మందు వాడినంతకాలం సజీవ టీకాలు (బతికున్న, బలహీనపరిచిన క్రిములతో చేసేవి) వేయించుకోకూడదు.

మోతాదులో జరిగే తప్పు ఒకటి విడిగా చెప్పాలి. ఎచ్‌ఎస్‌కు అడాలిముమాబ్ మొదటి రోజు 160 మిల్లీగ్రాములు, 15వ రోజు 80, 29వ రోజు నుంచి వారం వారం 40, లేదా రెండు వారాలకోసారి 80. సోరియాసిస్, కీళ్లవాతానికి వాడే లెక్క రెండు వారాలకోసారి 40. ఆ అలవాటులో సగం మోతాదు రాసి, నాలుగు నెలల తర్వాత మందు పనిచేయలేదని మార్చేస్తుంటారు. మీ చీటీలో ఏముందో చూసుకోండి. సెకుకినుమాబ్ 300 మిల్లీగ్రాములు మొదటి అయిదు మోతాదులు వారం వారం, తర్వాత నాలుగు వారాలకోసారి, చాలకపోతే రెండు వారాలకోసారి. బిమెకిజుమాబ్ 320 మిల్లీగ్రాములు 16వ వారం దాకా రెండు వారాలకోసారి, ఆపైన నాలుగు వారాలకోసారి.

ఏదైనా 12 నుంచి 16 వారాలు చూడందే తీర్పు చెప్పకూడదు. మొదలుపెట్టిన రోజున ప్రతి చోటా ముద్దలెన్ని, కారే రంధ్రాలెన్ని లెక్కపెట్టి రాసి, ఫోటో తీసి ఉంచుకుంటే ఆ తీర్పు తేలిక. లెక్క లేకపోతే, ఆఖరి వారం ఎలా గడిచిందన్నదే మనసులో నిలిచి మొత్తం అంచనాను తారుమారు చేస్తుంది.

కోతలు: ఏది ఎంత లోతుకు

సొరంగం ఉన్నచోట అసలు పని ఇక్కడే. సొరంగం లోపలి గోడకు చర్మపు పొరలాంటి కణాలు పరుచుకుని ఉంటాయి. అది పుండు కాదు, లోపలికి ముడుచుకున్న చర్మం. రెండు చర్మపు గోడలు వాటంతట అవి అతుక్కోవు, ఏ మాత్రా వాటిని అతికించదు.

ఒకటి రెండు సొరంగాలకు మేం మొదట సూచించేది డీరూఫింగ్, అంటే సొరంగానికి పైకప్పు తీసేయడం. మత్తుమందును గడ్డలోకి కాకుండా దాని చుట్టూ మంచి చర్మంలో వేస్తారు, చీములోకి వేస్తే ఆమ్లగుణం వల్ల మత్తు సరిగా పట్టదు. రంధ్రంలోంచి మొండి కడ్డీ లాంటి ప్రోబ్‌ను దూర్చి అది ఎటు వెళ్తే అటు పోనిస్తారు. ప్రోబ్ మీద ఉన్న చర్మాన్ని కత్తిరిస్తే లోపల జిగురుజిగురుగా, ఎర్రటి జెల్లీలాంటి పదార్థం కనిపిస్తుంది. దాన్ని క్యూరెట్ అనే చిన్న గీకుడు పరికరంతో గీకేస్తారు. తర్వాత అడుగునంతా ప్రోబ్‌తో మళ్లీ తడిమి పక్కదారులు వెతుకుతారు. ఈ రెండో వెతుకులాట చేయకపోతే ఒక కొమ్మ మిగిలిపోయి ఆర్నెల్లకు అక్కడినుంచే తిరగబెడుతుంది. అడుగును అలాగే ఉంచి, కుట్లు వేయకుండా, వాసెలిన్ పూసి అంటుకోని కట్టు కడతారు. రోజుకోసారి సబ్బునీళ్లతో కడిగి కట్టు మార్చాలి. చిన్నవి రెండు మూడు వారాల్లో మానతాయి, పెద్దవాటికి ఇంకా పడుతుంది. 44 మందిలో 88 గడ్డలకు ఇలా చేసిన డచ్ అధ్యయనంలో 83 శాతం గడ్డలు తిరగబెట్టలేదు.

మూడో దశకు ఇది చాలదు. జబ్బున్న చర్మాన్నంతా కొవ్వుపొర దాకా వెడల్పుగా కోసి తీసేయాలి. దీన్ని వైడ్ ఎక్సిషన్ అంటారు. 2015లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన విశ్లేషణలో వైడ్ ఎక్సిషన్ తర్వాత 13 శాతం, చిన్న పరిధిలో కోసి తీస్తే 22, డీరూఫింగ్ తర్వాత 27 శాతం తిరగబెట్టాయి. అంకె చూసి అందరూ పెద్ద కోతకే వెళ్లాలనుకోకండి. చంకంతా తీసేస్తే వారాల తరబడి కట్టు, మానేటప్పుడు చర్మం ముడుచుకుని చెయ్యి పూర్తిగా ఎత్తలేకపోవడం ఉంటాయి. మొదటి వారాల నుంచే భుజం సాగదీసే వ్యాయామం చేయకపోతే ఆ బిగుతు ఉండిపోతుంది. డీరూఫింగ్ తిరగబెడితే మళ్లీ అదే పని ఇరవై నిమిషాల్లో చేయించుకోవచ్చు.

వైడ్ ఎక్సిషన్ తర్వాత గాయాన్ని మూసే తీరు మీద కూడా ఫలితం ఆధారపడుతుంది. అదే విశ్లేషణలో నేరుగా కుట్టేసినవాటిలో 15 శాతం, పక్క చర్మం తిప్పి మూసినవాటిలో 8, చర్మం అంటుకట్టినవాటిలో 6 శాతం తిరగబెట్టాయి. కుట్టడానికి వీలుగా ఉండాలని అంచుల్లో తక్కువ కోయడమే తేడాకు ఒక కారణం కావచ్చు. శస్త్రవైద్యుణ్ని ముందే అడగండి: మూయడం కుదురుతుందా అని చూసి కోస్తారా, జబ్బు ఎంతవరకు ఉందో అంతా తీశాక మూసే సంగతి చూస్తారా?

కోతకు ముందు బయోలాజిక్ ఆపాలా? 206 మందితో చేసి 2021లో ప్రచురించిన పరీక్షలో, వైడ్ ఎక్సిషన్‌కు ముందూ తర్వాతా అడాలిముమాబ్ కొనసాగించినవాళ్లకు ఫలితం మెరుగ్గా ఉంది, గాయపు ఇన్ఫెక్షన్లు పెరగలేదు. ఆపమని చెబితే కారణం అడగండి. అన్నిటికంటే మంచి వరస, మందుతో వాపును దించి, చెలరేగని వేళ సొరంగాలు కోయించి, ఆ తర్వాత కూడా కొంతకాలం మందు వాడటం.

లేజర్ రెండు వేర్వేరు పనులకు. ఎన్‌డీ యాగ్ 1064 నానోమీటర్ల లేజర్ వెంట్రుక కుదుళ్లనే నాశనం చేస్తుంది. నెలకోసారి, మూడు నాలుగు విడతలు. ఒకటి, రెండు దశల్లో కొత్త గడ్డల్ని తగ్గిస్తుంది, నల్లటి చర్మానికి కూడా భద్రమైనదే. కార్బన్ డైఆక్సైడ్ లేజర్ కత్తికి బదులు వాడేది. ఈ రెండోది చేయి తిరిగినవాళ్ల దగ్గరే చేయించుకోవాలి.

రోజువారీ జాగ్రత్తలు

పొగాకు ఆపడం, బరువు తగ్గడం గురించి వైద్యులు ప్రతిసారీ చెబుతారు, రోగికి అది నిందలా వినిపిస్తుంది. రెండింటికీ ఈ జబ్బుతో సంబంధం ఉన్న మాట నిజం. సన్నగా ఉండి, ఎన్నడూ పొగ తాగనివాళ్లకూ వస్తుందన్నదీ నిజమే. బరువు బాగా తగ్గాక చర్మం మడతలు వేలాడి రాపిడి పెరిగితే గడ్డలు మళ్లీ ఎగిసే సందర్భాలున్నాయి, ముందే తెలిసి ఉంటే కంగారుండదు.

రేజరు కంటే కత్తెర లేదా ట్రిమ్మర్ నయం. వ్యాక్సింగ్ వెంట్రుకను కుదురుతో సహా పీకి అదే చోట కొత్త గొడవ మొదలుపెడుతుంది. కట్లలో అంటుకునే టేపు చంకకు, గజ్జకు పనికిరాదు, ఒలిచినప్పుడల్లా చర్మం లేస్తుంది. బాగా పీల్చే ప్యాడ్ పెట్టి, పైన గొట్టంలా సాగే వలబట్టతోనో, బిగుతు లేని నూలు లోదుస్తులతోనో నిలబెట్టాలి. గజ్జల్లో ఎక్కువ కారేవాళ్లకు శానిటరీ ప్యాడ్ ఆసుపత్రి కట్టుకంటే బాగా పీలుస్తుంది, నడిచేటప్పుడు జారదు. వాసన బాధిస్తుంటే మెట్రోనిడజోల్ జెల్, బొగ్గుపొర ఉన్న కట్టు తేడా చూపిస్తాయి.

పిరుదుల మీద, మలద్వారం దగ్గర పదేళ్లకు పైబడి ఉన్న పాత పుండు ఎటూ మానకుండా అంచులు గట్టిపడినా, కాలీఫ్లవర్‌లా పెరిగినా, తాకితే రక్తం కారినా, కొత్త రకం నొప్పి మొదలైనా, మరో కోర్సు మాత్రలతో వాయిదా వేయకండి. అలాంటి చోట, ముఖ్యంగా మగవాళ్లలో, స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ పుట్టొచ్చు. ముక్క తీసి పరీక్షకు పంపమని అడగండి. ఒకచోట తీసిన ముక్కలో ఏమీ దొరకకపోయినా పుండు తీరు అలాగే ఉంటే, వేరే చోట్ల, ఇంకా లోతుగా మళ్లీ తీయించాలి.